గోడకవతలి డబ్బా

ఇనుప బకెట్టుకు కింద చిన్న నోరు కోసి, లోపల మట్టి మెత్తి చేసిన బొగ్గుల పొయ్యి అది. యమున దాన్ని వాకిట్లో పెట్టి, ముందు గొంతుక్కూర్చుని, పాత నోటుపుస్తకం అట్టతో విసురుతోంది. తెల్లవారుజాము అయిదు కావస్తోంది. మొదట పచ్చటి పొగ దట్టంగా లేచి, ఎదురిల్లు కనబడకుండా గల్లీనంతా కమ్మేసింది. మెల్లగా అది తెల్లబడింది, పలచబడింది, ఆఖరుకు పొగన్నదే లేకుండా పోయింది. బొగ్గులు దానిమ్మ గింజల్లా ఎర్రబడ్డాయి. యమున చీర కొంగు మడిచి పొయ్యి చెవులు పట్టుకుని, నడుము వంచి, జాగ్రత్తగా లోపలికి తెచ్చి ముందుగది మూలన దించింది.

పొగ ఉన్నంతసేపు బయట, పొగ పోయాక లోపల. ఆ గల్లీకి కోడలిగా వచ్చిన ప్రతి ఆడమనిషికీ అత్త నేర్పిన మొదటి పని అది. గ్యాసు బండ లేక కాదు. అది చాయకూ, చుట్టాలొచ్చినప్పటి ఉప్మాకూ. గోదావరిఖనిలో ఉండి, బొగ్గు చేతికందుతుంటే, అన్నం గ్యాసు మీద వండడానికి ఎవరికీ మనసొప్పదు. మిగతా కాలమంతా పొయ్యి వెనక రేకుల కిందే ఉంటుంది. చలి ముదిరాక ఆ రేకుల కింద వేళ్ళు కొంకర్లు పోతాయి. అందుకని పది రోజులుగా ముందుగదిలోకి వస్తోంది. అన్నం ఉడుకుతుంది, గది వెచ్చబడుతుంది, మంచం మీద మైత్రి దుప్పటి తన్నేసినా ఫికరుండదు.

"ఇయ్యాల గూడ పొల్ల లేస్తనే తలకాయ నొస్తుందంటదో ఏందో" అంది యమున, డబ్బాలో అన్నం సర్దుతూ.

భూపాల్ గడప మీద కూర్చుని బూటు తాళ్ళు బిగిస్తున్నాడు. బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు. ఆరుకల్లా బస్సెక్కాలి. "రాత్రి ఫోన్ చూసిందా?"

"చూడనిస్తనా? వారం నుంచి బీరువలనే ఉంది. నాకు గూడ ముట్టబుద్దయితలేదు."

"మరి మీ అమ్మ ఫోన్ జేస్తే బీరువ మాట్లాడుతదా?"

"నవ్వు, నవ్వు. నీకేమైతది బావా. నువ్వు బాయిలకు దిగేటప్పుడు ఫోన్ పైననే పెట్టిపోతవ్. ఏమీ లేకుంటెనే పెట్టమంటరా? గంత పెద్ద కంపినీకి తెల్వదా తలకాయకు మంచిది కాదని?"

"అది వేరే ముచ్చట. లోపల గ్యాసున్నకాడ ఫోన్ల చిన్న నిప్పు పుట్టినా అంటుకుంటదని పెట్టమంటరు. తలకాయ నొస్తదని కాదు."

"ఏదైతేంది. ప్రమాదమనే కద."

భూపాల్ లేచాడు. ఏం చెప్పినా యమున వినదని అతనికి తెలుసు. కూతురి నుదుటి మీద అరచెయ్యి పెట్టి చూసి, టిఫిన్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆరుంబావుకు మైత్రి లేచింది. లేచి రెండు చేతుల్తో కణతలు నొక్కుకుని మంచం మీదే కూర్చుంది. ఎనిమిదేళ్ళ పిల్ల. మూడో తరగతి. "అమ్మా, తలకాయ నొస్తుందే" అంది. ఆ మాట కోసమే భయపడుతూ చెవులు రిక్కించి ఉన్న యమున, అది వినగానే చేతిలోని గరిటె ఎక్కడ పెడుతున్నదో చూసుకోలేదు. పిల్ల గడప దాకా వచ్చి వాకిట్లో వాంతి చేసుకుంది. కాసేపు అరుగు మీద కూర్చున్నాక తేరుకుంది. బడికి పోయేసరికి మామూలైంది. రోజూ అంతే.

ఎదురింటి శోభ వాకిలి చిమ్ముతూ ఇదంతా చూసి చీపురుతోనే వచ్చింది. "ఫోన్ బంద్ జేసినా తగ్గుతలేదంటే, తప్పు నీ ఇంట్ల ఫోన్‌ది కాదన్నట్టు యమునా."

"అంటే?"

"నీ గోడకు అవతల ఏమున్నదో చూసినవా?"

చూసింది. చూడకుండా ఎలా ఉంటుంది. పక్కింటి వీర్రాజు సారు కూతురు హాసిని, బ్యాంకు పరీక్షకు పొద్దున్నే ఇంటర్నెట్‌లో క్లాసులు వింటుంది. దాని కోసం పది రోజుల కింద వైఫై పెట్టించారు. రెండు కొమ్ములున్న నల్లడబ్బా. రెండిళ్ళకూ ఒకటే గోడ. అవతల డబ్బా, ఇవతల మైత్రి మంచం తలవైపు. శోభ తన ఫోన్ తీసి ఒక వీడియో చూపించింది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన, తలలో ఎర్రటి గీతలు తిరుగుతున్న బొమ్మ పక్కన నిలబడి, చిన్నపిల్లల పుర్రె పలచగా ఉంటుందనీ, తరంగాలు లోపలికి దూరిపోతాయనీ చెబుతున్నాడు. ఆయన ఎవరో, ఏ ఊరివాడో వీడియోలో లేదు. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన యమునకు ఆ తెల్లకోటు చాలు.

ఇద్దరూ వెళ్ళి పక్కింటి తలుపు కొట్టారు. వీర్రాజు భార్య చంద్రమతి తీసింది. ఆమె కోస్తా నుంచి వచ్చి ముప్పై ఏళ్ళవుతున్నా మాట మారలేదు. విషయం విని రెండు చేతులూ నడుమున పెట్టుకుంది.

"దాని కిందే మేం ముగ్గురం పడుకుంటున్నాం. మాకు రాని తలనొప్పి గోడ అవతల మీ పిల్లకొచ్చిందా? ఎవరు చెప్పారే నీకు?"

"ఊకె అంటలేము అమ్మా. వీడియోల డాక్టరే చెప్పిండు" అంది శోభ.

యమున మాత్రం వాదించలేదు. "చేతులెత్తి మొక్కుత అమ్మా. నా బిడ్డ రోజూ వాంతులు చేసుకుంటుంది. కొన్నొద్దులు బంద్ చేసి చూడుండ్రి" అంది.

లోపల పేపరు చదువుతున్న వీర్రాజు కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు. గనిలో వెంటిలేషన్ సెక్షన్లో పనిచేసి రిటైరైన మనిషి. మాట తక్కువ. మొహంలో చిరాకు కనబడింది, కానీ బయటికి అన్నది ఒక్కటే: "తీసెయ్యి హాసినీ."

"నాన్నా, నెలలో పరీక్ష..."

"పసిపిల్ల అంటున్నారు కదమ్మా. తీసెయ్యి."

హాసిని గోడ దగ్గరికి వెళ్ళింది. ప్లగ్గు పీకి, వైరు చుట్టలు చుట్టి, డబ్బాను అలమర మీద పెట్టింది. పెట్టాక తుడిచింది, దుమ్మేమీ లేకపోయినా.

మరునాడు శనివారం. పొద్దున్న యమున వాకిట్లో పొయ్యి విసురుతూ తలెత్తితే, పక్కింటి మేడ మీద శాలువా ముసుగు కనిపించింది. మంచు చినుకుల్లా రాలుతోంది. హాసిని నీళ్ళ ట్యాంకుకు ఆనుకుని కూర్చుని, ఒళ్ళో పుస్తకం, చేతిలో ఫోన్. ఇంట్లో ఫోన్ సిగ్నల్ సరిగా అందదు, క్లాసు ఆగకుండా రావాలంటే మేడ ఎక్కాల్సిందే. రాసుకోవడానికి పెన్ను పట్టుకుని, వేళ్ళు వంగక, నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటోంది. యమున చప్పున తల దించేసుకుంది. తప్పు చేశానా అనిపించింది. వెంటనే మైత్రి వాంతి గుర్తొచ్చి, పరాయి పిల్ల చలికన్నా నా పిల్ల తల ఎక్కువ కాదా అనుకుంది. అనుకుందే కానీ, ఆ తర్వాత మేడ వైపు చూడకుండా విసరడానికి మెడ నొప్పెట్టేలా కూర్చోవలసి వచ్చింది.

డబ్బా తీసేసినా మైత్రి తలనొప్పితోనే లేచింది. ఆ రోజు ముందుకన్నా కొంచెం తక్కువ అనిపించింది యమునకు. ఎంత తక్కువో, నిజంగా తక్కువో కాదో ఆమెకే తెలియదు. పదిగంటలకు పిల్లను దవాఖానకు తీసుకుపోయింది. లైనులో ముప్పై మంది. డాక్టరమ్మ కళ్ళలో లైటు వేసి చూసింది, మెడ వంచమంది, జ్వరం చూసింది.

"ఎప్పుడొస్తుంది?"

"ఫోన్ల వల్లనే మేడం. ఇంట్లుంటె వస్తది. బడిల ఉండది. బడిల ఫోన్లు లేవు కద."

"నేనడిగింది ఎప్పుడొస్తుందని, ఎందుకొస్తుందని కాదు." డాక్టరమ్మ విసుక్కోకుండానే అంది. "ఫోన్ తగ్గించడం మంచిదే. కళ్ళ పరీక్ష రాస్తున్నా. ఇంకో పని చెయ్యి. ఎన్నింటికి మొదలైంది, ఎక్కడున్నప్పుడు, ఎప్పుడు తగ్గింది, రోజూ రాసిపెట్టు. బుధవారం తీసుకురా. ఈలోగా ఎక్కువైతే ఆగొద్దు, వచ్చెయ్యి."

యమున ఇంటికొచ్చి మైత్రి పాత కాపీలో ఖాళీ పేజీ తీసి గీతలు గీసింది. వంకరగా అయినా, అక్షరం అక్షరం విడిగా రాసింది. శనివారం. పొద్దుగాల ఆరున్నర. ఇంట్ల. వాంతి ఒకటి. అరుగు మీద కూసుంటె తగ్గింది.

ఆ సాయంత్రం తల్లి దగ్గరికి పోదామని పిల్లతో కమాన్‌పూర్ బస్సెక్కింది. ఆదివారం పొద్దున మైత్రి లేచి, తలనొప్పీ లేదు గిలనొప్పీ లేదు, అమ్మమ్మ సారలమ్మ వెంట పెరట్లోకి ఉరికింది. అక్కడ కట్టెల పొయ్యి చింతచెట్టు కింద, ఆకాశం కింద. పిల్ల రెండు జొన్నరొట్టెలు తింది. సోమవారం పొద్దున కూడా అంతే. ఆ ఇంట్లో ఫోన్ పలకాలంటే రోడ్డు దాకా నడవాలి.

"సూసినవా అవ్వా, సిగ్నల్ లేనికాడ నొప్పి లేదు" అంది యమున, కాపీలో రాస్తూ.

"ఏమోనే. నాకైతే పొల్ల ఇక్కడ కడుపునిండ తింటుంది, అది కనిపిస్తుంది" అంది సారలమ్మ.

యమునకు ఇంక అనుమానం లేదు. హాసిని డబ్బా ఒక్కటి తీస్తే సరిపోలేదు. ఊరంతా సిగ్నలే. కిటికీలోంచి వస్తుంది, పైన వెంటిలేటర్ లోంచి వస్తుంది, తలుపు సందుల్లోంచి వస్తుంది. సోమవారం సాయంత్రం గోదావరిఖని చేరగానే బజారులో రొట్టెలు చుట్టే వెండిరంగు కాగితం రెండు చుట్టలు కొంది. అది తరంగాలను ఆపుతుందని శోభ చూపించిన ఇంకో వీడియోలో చెప్పారు. స్టూలు మీద స్టూలు వేసుకుని వెంటిలేటర్‌కు కాగితం అంటించింది. కిటికీ రెక్కలు మూసి, దానిమీద కాగితం, కాగితం మీద మైత్రి పుట్టినరోజు నాటి ఫ్లెక్సీ మడిచి మేకులు కొట్టింది. తలుపు కింద సందులో పాత లుంగీ చుట్టిపెట్టింది. డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోయి లేచిన భూపాల్, చీకటిగా ఉన్న గదిని చూసి నోరు తెరిచాడు.

"ఇల్లా, గోదామా ఇది?"

"నాలుగొద్దులు ఓపిక పట్టు బావా. నా బిడ్డ బతికితే చాలు."

భూపాల్ కిందపడ్డ మేకులు ఏరి గూట్లో పెట్టాడు.

మంగళవారం అయిదింటికి పొగ పోయిన పొయ్యి లోపలికి వచ్చింది. అయిదున్నరకు భూపాల్ వెళ్ళాడు. యమున తలుపు గొళ్ళెం వేసి, లుంగీని కాలితో సందులోకి నెట్టింది. భర్త అన్నం డబ్బా కట్టాక ఇంకో గిన్నె పెట్టింది, పిల్ల స్నానానికి నీళ్ళు. గది హాయిగా, నులివెచ్చగా ఉంది. గోడకు చేరబడింది. తల బరువుగా ఉంది. ఊరికి పోకముందు కూడా పొద్దున్నే తనకూ అలాగే ఉండేది. నిద్ర లేక అనుకుంటోంది. కళ్ళు వాలాయి. గిన్నెలో నీళ్ళు తెర్లుతున్న చప్పుడు ఎక్కడో దూరంగా వినిపించింది.

మూత ఎగిరి కింద పడితే ఉలిక్కిపడి లేచింది. లేవబోతే మోకాళ్ళు తనవి కానట్టున్నాయి. "మైత్రీ, లే బిడ్డా. ఆరయింది" అంది. పిల్ల కదల్లేదు. భుజం పట్టి ఊపింది. మైత్రి కళ్ళు తెరిచి, తల్లిని గుర్తుపట్టనట్టు చూసి, మళ్ళీ మూసింది. బుగ్గలు ఎర్రగా, మంచి రంగులో ఉన్నాయి. చెయ్యి ఎత్తి వదిలితే పడిపోయింది.

యమున బుర్రలో ఒకే ఒక్క ఆలోచన మెరిసింది. మళ్ళీ పెట్టిన్రు. నేను ఊళ్ళో లేనిది చూసి డబ్బా మళ్ళీ పెట్టిన్రు. కోపంతో పిడికిలి బిగించి గోడను గుద్దింది. "బంద్ జెయ్యుండ్రి! సంపుతరా నా బిడ్డను? బంద్ జెయ్యుండ్రి!" గుద్దుతూనే ఉంది. చేతిలో బలం లేక ఆ దెబ్బలు చిన్నగా, వంకరగా పడుతున్నాయి.

మేడ మీద క్లాసు వింటున్న హాసిని చెవిలోని తీగ పీకి వంగి చూసింది. మెట్లు దిగుతూ తండ్రిని పిలిచింది. ఇద్దరూ వచ్చి తలుపు కొట్టారు. యమున గోడ పట్టుకుని నడిచి, రెండుసార్లు జారిన గొళ్ళెం మూడోసారికి తీసింది. "డబ్బా... డబ్బా పెట్టిన్రు కద..." అంది.

వీర్రాజు ఆమె మాట వినడం లేదు. తలుపు తెరుచుకోగానే ముఖానికి తగిలిన వెచ్చటి గాలికి ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. మూసిన కిటికీ, వెండి కాగితం, మూలన పొగ లేకుండా కణకణలాడుతున్న పొయ్యి, మంచం మీద పిల్ల ఎర్రటి బుగ్గలు, ఒక్క చూపులో అన్నీ చూశాడు. "హాసినీ, లోపలికి రాకు. ఈవిడ్ని వీధిలోకి లాగు" అన్నాడు. బయట గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు, ఊపిరి బిగబట్టి లోపలికి పోయాడు, పిల్లను దుప్పటితో సహా ఎత్తుకొచ్చి వాకిట్లో చల్లటి నేల మీద పడుకోబెట్టాడు. మళ్ళీ గాలి పీల్చుకున్నాడు, మళ్ళీ పోయాడు. ఈసారి ఫ్లెక్సీ చిరిగిన చప్పుడు, కిటికీ రెక్కలు గోడకు కొట్టుకున్న చప్పుడు. మూడోసారి పొయ్యిని చెవులు పట్టి తెచ్చి వీధి మధ్య దించాడు. అరవై రెండేళ్ళ మనిషి. అరచేతులు కాలాయి. చూసుకోలేదు.

"చలి సార్, బిడ్డకు చలి" అంటోంది యమున.

"చలే కావాలమ్మా ఇప్పుడు. గాలి తగలనీ. హాసినీ, ఆటో ఆగయ్యను పిలువు, బండి తియ్యమను."

ఆటోలో ఆయన పిల్ల తల తన మోచేతి మీద పెట్టుకుని, రెండు పక్కల పరదాలు పైకి కట్టించాడు. దవాఖాన మెట్ల మీదే గట్టిగా చెప్పాడు: "మూసిన గదిలో బొగ్గుల పొయ్యి. కార్బన్ మోనాక్సైడ్. ముందు ఆక్సిజన్ పెట్టండి, తర్వాత రాసుకోండి." పిల్లకూ తల్లికీ పక్కపక్క మంచాల మీద మాస్కులు పెట్టారు. యమున తన మాస్కు తీసి పిల్లకు పెట్టబోయింది. నర్సు కసిరింది. "ఆమెకు ఉంది తల్లీ! నీది నువ్వు పెట్టుకో."

తొమ్మిదింటికి మైత్రి కళ్ళు తెరిచింది. తల్లి వైపు తిరిగి, ఈసారి గుర్తుపట్టి, "బడికి లేటయిందా?" అంది.

యమున ఏడవలేదు. ఏడుపు కోసం వెతుక్కుంది కానీ ఆ చోట ఇంకేదో నిండి ఉంది. పిల్ల అడిగిన ఆ పిచ్చి ప్రశ్నను లోపల వందసార్లు విన్నది.

రక్తపరీక్షలు చూసి డాక్టరమ్మ, రేపటిదాకా ఇక్కడే ఉంచుదామనీ, ఇప్పటికి గండం గడిచినట్టేననీ చెప్పింది. యమున రాసిన కాపీ అడిగితే, హాసిని ఇంటికి పోయి తెచ్చింది. డాక్టరమ్మ చదివి, తలాడించి, వీర్రాజు చేతికిచ్చింది. ఆయన కట్టు కట్టిన చేతుల్తో పేజీ పట్టుకుని నిదానంగా చదివాడు. పొద్దుగాల ఆరున్నర, ఇంట్ల. అరుగు మీద కూసుంటె తగ్గింది. కమాన్‌పూర్ల లేదు.

"అన్నీ సరిగ్గానే రాశావమ్మా. రాసిందాంట్లో ఒక్క తప్పు లేదు. పేరొక్కటే తప్పు పెట్టావు."

"పొగ పొయ్యేదాంక బయటనే పెడుత సార్. పొగ ఉండంగ ఒక్కనాడు లోపలికి తేలేదు."

"పొగ కనిపిస్తుంది, కళ్ళు మండుతాయి, మనమే తప్పుకుంటాం. ఇది కనిపించదు. వాసన లేదు. బొగ్గు ఎర్రగా కాలుతున్నప్పుడు కూడా పుడుతుంది. కిటికీ తెరిచుంటే కొంత పోతుంది, అందుకని ఇన్నాళ్ళూ తలనొప్పితో ఆగింది. నిన్న నువ్వు కిటికీలు మూసేశావు. ముందు తలనొప్పి, తర్వాత వాంతి, తర్వాత నిద్ర..."

యమున తన చేతుల వంక చూసుకుంది. మేకులు కొట్టిన చేతులు. "మరి ఆ డబ్బతోని, ఫోన్లతోని ఏం గాదా సార్?" అంది. ఇంకా భయం పోలేదు.

"గంటలకొద్దీ చూస్తే కళ్ళు గుంజుతాయి, మెడ పడుతుంది, నిద్ర చెడుతుంది. దాంతో తల నొస్తుంది, అది ఉంది. ఆ తరంగాలతోనే నొస్తుందా అంటే, నేను చదివినంతలో రుజువేం దొరకలేదు. ఖాయంగా చెప్పడానికి నేను డాక్టర్ని కాదు. నాకు తెలిసింది గాలి ఒక్కటే."

యమున మంచం దిగి ఆయన కాళ్ళ మీదికి వంగబోయింది. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"వద్దమ్మా. ముప్పై రెండేళ్ళు గని లోపల గాలి ఎలా ఉందో చూసి, దిగొచ్చు, దిగొద్దు అని చెప్పినవాణ్ణి. నువ్వొచ్చి పిల్లకు పొద్దున్నే తలనొప్పి, వాంతులు అని చెప్పిన రోజున, ఇంట్లో పొయ్యెక్కడ పెడుతున్నావని అడగాల్సింది. మా అమ్మాయి క్లాసు పోయిందన్న కోపం. డబ్బా తీయించి పేపరు చదువుకున్నాను. ఒక్క గోడ." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కట్టు కట్టిన చేతులతో అది సరిగ్గా కుదరలేదు. యమున అందుకుని, తన కొంగుతో తుడిచి, తిరిగి ఇచ్చింది. ఆ ఊళ్ళో మనిషికి మనిషి కృతజ్ఞత చెప్పుకోవడానికి మాటేదీ వాడుకలో లేదు.

నాలుగింటికి భూపాల్ వచ్చాడు. గనిలోంచి పైకి వచ్చాక గాని కబురందలేదు. కనురెప్పల మీద బొగ్గు అలాగే ఉంది. మైత్రి మాస్కు లోంచి, "నాన్నా, మాస్కు పెట్టిన్రు, నేను గూడ నీ లెక్కనే బాయిలకు దిగొచ్చు ఇగ" అంది. అతను నవ్వబోయి కుదరక గోడ వైపు తిరిగాడు. తర్వాత యమున పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు:

"ఏటేటా ట్రైనింగుల చెప్తరు యమునా. ఈ గ్యాసు పేరు నాకు నోటికొస్తది. అది బాయిలనే ఉంటదనుకున్న. ఇంట్ల పొయ్యిల ఉంటదని మనసుకే రాలేదు. నువ్వు ఫోన్ అంటుంటే నవ్విన గానీ, నేను గూడ ఏంజెప్పలే."

"నన్ను తిట్టు బావా. మేకులు గొట్టింది నేను."

"తిడుత తియ్యి. ఇంటికి పోయినంక" అన్నాడు. కానీ చెయ్యి వదల్లేదు.

బుధవారం సాయంత్రం ఇంటికొచ్చారు. గురువారం పొద్దున యమున పొయ్యి వాకిట్లోనే ఉంచింది. పొగ పోయింది, బొగ్గులు ఎర్రబడ్డాయి. అన్నం గిన్నె అక్కడే ఎక్కించింది. అప్పుడే ఎదురుగా శోభ తన పొయ్యి చెవులు పట్టుకుని లేపుతోంది. లోపల ఆమె రెండేళ్ళ కొడుకు నిద్రపోతున్నాడు. యమున గరిటె వదిలేసి గల్లీ దాటి పరుగెత్తి, పొయ్యికి అడ్డంగా నిలబడింది.

"దించు అక్కా. లోపలికి తీసుకపోకు."

"మా అత్త ముప్పయ్యేండ్లు గిట్లనే చేసింది. ఎవలు సచ్చిన్రు?" శోభ నవ్వింది. "మొన్న డబ్బా అంటివి. ఇయ్యాల పొయ్యి అంటున్నవ్. రేపు గ్లాసుల నీళ్ళంటవా? జరుగు, చెయ్యి గాలుతుంది."

పక్కిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. నలుగురు ఆడవాళ్ళు చూస్తున్నారు. యమున ఒక చెవి పట్టుకుంది. కొంగు మడవడానికి కూడా ఆగలేదు.

"డబ్బా అన్నది నేనే. అది తప్పు. ఆ పొల్లను చలిల కూసోబెట్టింది నేనే, అది గూడ తప్పు. నా కిటికీలు నేనే మూసుకుని నా బిడ్డను నేనే సంపుకునేదాన్ని. ఇన్ని తప్పులు జేసినదాని మాట ఎందుకు వింటవ్, ఇనకు. గానీ పొయ్యి దించు, కిటికీలు తలుపులు అన్ని తెరువు. పొయ్యి దించేదాంక నేను వదల."

"పిచ్చా నీకు? చెయ్యి కమురుతుంది, వదులు!"

"దించవే శోభా." గడపలోంచి చంద్రమతి గొంతు. రాత్రి చీర మీదే వీధిలోకి వచ్చింది. "మా ఆయన రెండు చేతులకీ బొబ్బలున్నాయి, వచ్చి చూసుకో. ఈ అమ్మాయి చెప్పేది నిజం. దించు ముందు. చెప్పించుకోకు."

చంద్రమతి ఎవరినీ ఊరికే వెనకేసుకొచ్చే మనిషి కాదని గల్లీ మొత్తానికి తెలుసు. శోభ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గొణుక్కుంటూ పొయ్యిని వాకిట్లో దించింది. తర్వాత ఏమనుకుందో లోపలికి పోయి కిటికీ రెక్కలు తీసింది. ఆ మూలనున్న ఇంటావిడ, అప్పటికే లోపలికి తెచ్చుకున్న పొయ్యిని మెల్లగా మళ్ళీ బయటికి తెచ్చి పెట్టింది, ఎవరూ చూడనట్టు.

యమున అరచేతిని చన్నీళ్ళ బిందెలో ముంచింది. చంద్రమతి లోపలికి పోయి, ఒక పీట తెచ్చి పొయ్యి పక్కన వేసింది.

"మా పిల్లకి నాలుగు క్లాసులు పోయాయి. అది నేను మర్చిపోను, చెబుతున్నాను" అంది. "నేల చల్లగా ఉంది, దీని మీద కూర్చో. అన్నం చూసుకో, అడుగంటుతోంది."

"డబ్బా మళ్ళ పెట్టిన్రా అమ్మా?"

"ఇంకా లేదు. నీ మొహం చూసి పెడదామని ఆగింది."

"పెట్టమను. ఇప్పుడే పెట్టమను. గా గోడకే పెట్టమను."

చంద్రమతి లోపలికి కేకేసింది. కాసేపటికి గోడ అవతల నుంచి ఎవరో మాస్టారు వడ్డీ లెక్క చెబుతున్న గొంతూ, మధ్యలో హాసిని దగ్గూ వినిపించాయి. యమున పీట మీద కూర్చుని అన్నం కలియబెట్టింది. లోపల మైత్రి ఇంకా లేవలేదు. లేపాలనిపించింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూడాలనిపించింది. లేవలేదు. తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి ఉన్నాయి. మంచం మీద దుప్పటి పైకీ కిందికీ కదలడం ఇక్కడ కూర్చుంటేనే కనిపిస్తోంది.